ఇంటిపేరు మారితే వీసా ఏమవుతుంది?

పెళ్లి తిరుమలలోనో తిరుచానూరులోనో అవుతుంది. అబ్బాయి డల్లాస్ నుంచో కువైట్ నుంచో సెలవు పెట్టి వచ్చి, పదహారు రోజుల పండగ కూడా కాకముందే తిరిగి వెళ్లిపోతాడు. ఆ తర్వాత అమ్మాయి వీసా కాగితాలు బయటికి తీస్తారు. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్లో, వీధి చివర ఆన్‌లైన్ సెంటర్ అబ్బాయో ఒక మాట అంటారు: "పాస్‌పోర్టులో ఇంకా పుట్టింటి పేరే ఉంది కదమ్మా, ముందు అది మార్పించండి." అందరికీ సబబుగానే తోస్తుంది. పెళ్లయ్యాక ఆడపిల్ల ఇంటిపేరు మారడం మనకు కొత్త కాదు. కానీ వీసా ఫైలు నడుస్తుండగా ఈ పని పెట్టుకుంటే నెలలు గడిచిపోతాయి. చేతిలో ఉన్న వీసాకే చిక్కు రావచ్చు కూడా. పేరు మార్చుకోవద్దని నేను అనడం లేదు. ఎందుకు మారుస్తున్నారో, ఏ కాగితం తర్వాత ఏ కాగితం మారాలో తెలుసుకుని ఆ పని మొదలుపెట్టమంటున్నాను.

ఈ చిక్కు రెండు వైపుల నుంచీ వస్తుంది. మన అమ్మాయి గానీ అబ్బాయి గానీ పెళ్లి చేసుకుని అమెరికాకో గల్ఫ్‌కో వెళ్తే ఆ దేశం లెక్కలో వాళ్లు విదేశీ జీవిత భాగస్వాములు. వేరే దేశం వాళ్లు మనవాళ్లను పెళ్లాడి తిరుపతిలోనో మదనపల్లెలోనో కాపురం పెడితే మన దేశం లెక్కలో వాళ్లు విదేశీ భాగస్వాములు. ఇద్దరికీ పాస్‌పోర్టే మూలం. మిగతా కాగితాలన్నీ అందులోని పేరునూ నంబరునూ పట్టుకుని పుట్టినవే. ఆ రెండూ మారితే వాటి కింద ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా సరిచూసుకోవాలి.

మొదట చెప్పాల్సిన సంగతి, పెళ్లయినంత మాత్రాన పాస్‌పోర్టులో పేరు మార్చాలని మన చట్టం ఎక్కడా చెప్పదు. 2017 ఏప్రిల్‌లో ప్రధాని నరేంద్ర మోదీ కూడా ఒక మహిళా సంఘం సభలో ఈ విషయాన్నే చెప్పారు. పెళ్లికి ముందు పేరుతోనే పాస్‌పోర్టు వాడుకోవచ్చు, దాని గడువు తీరేదాకా ఆ పేరుతోనే దేశాలు తిరగొచ్చు. అమెరికా కాన్సులేట్‌లో డిపెండెంట్ వీసా అడిగినప్పుడు భార్యాభర్తల ఇంటిపేర్లు ఒకటేనా అని చూడరు, పెళ్లి నిజమైనదా అని చూస్తారు. అందుకు వివాహ సర్టిఫికెట్ ఉంది, పెళ్లి ఫొటోలు ఉన్నాయి. తెలుగు ఇళ్లలో భార్యాభర్తల పాస్‌పోర్టుల్లో వేర్వేరు ఇంటిపేర్లు ఉండడం ఆ అధికారులు రోజూ చూస్తూనే ఉంటారు.

భర్త అనుమతి లేనిదే భార్య పాస్‌పోర్టు పని జరగదన్న భయం కూడా చాలామందిలో ఉంది. చెన్నై పాస్‌పోర్టు ఆఫీసులో భర్త సంతకం తెమ్మని అడిగారని ఒక మహిళ కోర్టుకు వెళ్తే, 2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఎన్.ఆనంద్ వెంకటేశ్ తీర్పు ఇచ్చారు. భార్య పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయడానికి భర్త అనుమతీ సంతకమూ అక్కర్లేదన్నారు. పెళ్లయిన స్త్రీ తన వ్యక్తిత్వాన్ని పోగొట్టుకోదని గట్టిగానే చెప్పారు. ఆ తీర్పు గురించి మన ఆడపిల్లలందరికీ తెలియాలి.

ఇక "పేరు మార్చడం" అని మనవాళ్లు అనే మాట కింద మూడు వేర్వేరు పనులు ఉన్నాయి. పాస్‌పోర్టు చివరి పేజీలో భర్త పేరు లేదా భార్య పేరు ఎక్కించుకోవడం ఒకటి. దీనివల్ల మీ పేరు మారదు, తల్లిదండ్రుల పేర్ల పక్కన ఇంకో పేరు చేరుతుంది, అంతే. పుట్టింటి ఇంటిపేరు తీసి అత్తింటి ఇంటిపేరు పెట్టించుకోవడం రెండోది. అసలు మార్పు ఇదే. మూడోది, ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులో ఉన్న పేరునే రెండు గళ్లలోకి సర్దుకోవడం. మూడింటికీ రీఇష్యూ దరఖాస్తే పెట్టాలి, మూడింటికీ కొత్త బుక్కూ కొత్త నంబరూ వస్తాయి. కానీ వీసా ఫైలు మీద వాటి ప్రభావం వేరు. మొదటి దానివల్ల మారేది నంబరు ఒక్కటే. రెండో దానివల్ల ఆ ఫైల్లోని మనిషి పేరే మారిపోతుంది. కావలసింది మొదటిది అయితే, తెలియక రెండోది చేయించుకునేవాళ్లు ఉన్నారు. దరఖాస్తు నింపే మనిషికి ఈ తేడా స్పష్టంగా చెప్పండి. వీలైతే పక్కన కూర్చుని స్క్రీన్ మీద మీ కళ్లతో చూసుకోండి.

మూడో పని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చిత్తూరు జిల్లాలో అది ఎక్కువమందికి తగిలే సంగతి. కోస్తాలో ఇంటిపేరు ముందు రాసి, పేరు తర్వాత రాస్తారు. మనది తమిళనాడు సరిహద్దు. పుత్తూరు, నగరి, కుప్పం, పలమనేరు వైపు చాలా కుటుంబాల్లో తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనీషియల్‌గా నడుస్తుంది. టెన్త్ మార్కుల మెమోలో ఒక ఇనీషియల్, ఒక పేరు ఉంటాయి. పాస్‌పోర్టు దరఖాస్తులో ఇనీషియల్స్ ఒప్పుకోరు. దాంతో కొందరు ఇనీషియల్ వదిలేసి ఒక్క పేరే రాసేశారు, ఇంటిపేరు గడి ఖాళీగా ఉండిపోయింది. ఇంకొందరు తండ్రి పేరును ఇంటిపేరు చేశారు. అన్న పాస్‌పోర్టులో ఒకలా, చెల్లెలి పాస్‌పోర్టులో ఇంకోలా ఉన్న ఇళ్లు మన చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి.

ఖాళీ గడి వల్ల వచ్చే ఇబ్బంది దేశాన్ని బట్టి ఉంటుంది. అమెరికా వీసా స్టిక్కరులో అలాంటివాళ్ల ఒక్క పేరునూ ఇంటిపేరు గడిలోకి జరిపి, అసలు పేరు గడిలో "ఎఫ్‌ఎన్‌యూ" అని మూడక్షరాలు వేస్తారు. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. ఆ మూడక్షరాలే డ్రైవింగ్ లైసెన్సులోకీ బ్యాంకు ఖాతాలోకీ పాకి, ఎవరూ పిలవని పేరు ఒకటి ఆ మనిషికి తగులుకుంటుంది. యూఏఈ ఇంకా కఠినంగా ఉంది. 2022 నవంబరు 21 నుంచి పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉన్నవాళ్లను విజిట్, టూరిస్టు వీసాల మీద దేశంలోకి రానివ్వబోమని ప్రకటించింది. పెళ్లయిన కొత్తలో భార్యను ముందు విజిట్ వీసా మీద దుబాయికి పిలిపించుకుందామనుకునేవాళ్లకు ఇది నేరుగా తగిలే నియమం. కాబట్టి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, పెళ్లితో సంబంధం లేకపోయినా, వీసా పని మొదలుపెట్టకముందే సరిచేసుకోవడం మంచిది. మిగతా రెండు రకాల మార్పులు కోరేవాళ్లకు నిదానించమని చెప్పే నేను వీళ్లకు మాత్రం తొందరపడమని చెబుతాను.

కాగితాల వరుస వివాహ సర్టిఫికెట్‌తో మొదలవుతుంది. కల్యాణ మండపం రసీదూ శుభలేఖా సర్టిఫికెట్ కావు. తిరుమలలో పెళ్లి చేసుకున్నవాళ్లకు కొండమీదే హిందూ వివాహాల రిజిస్ట్రేషన్ చేసే ఏర్పాటు ఉంది. మిగతావాళ్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాలి. మన రాష్ట్రంలో ప్రతి పెళ్లీ రిజిస్టరు కావాలని 2002లోనే చట్టం వచ్చింది. ఇక్కడ ఒక జాగ్రత్త: సర్టిఫికెట్‌లో వధూవరుల పేర్లు ఆ రోజుకు వాళ్ల పాస్‌పోర్టుల్లో ఎలా ఉన్నాయో అలాగే, అక్షరం తేడా లేకుండా పడాలి. పెళ్లయిపోయింది కదా అని అమ్మాయి పేరు ముందు అత్తింటి ఇంటిపేరు రాయిస్తే, పాత పేరుకూ కొత్త పేరుకూ మధ్య సంబంధం చూపించే కాగితమే ఉండదు. పుట్టింటి పేరు గల అమ్మాయికి ఫలానా అబ్బాయితో పెళ్లయిందని ఆ సర్టిఫికెట్ చెప్పాలి. తర్వాత ఆమె ఏ పేరుకు మారినా ఆధారం అదే. లక్ష్మి అన్న పేరును ఇంగ్లీషులో కొందరు ఎక్స్‌తో రాస్తారు, కొందరు కెఎస్‌హెచ్‌తో రాస్తారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో టైపు చేసే మనిషికి అది చిన్న సంగతి. వీసా ఆఫీసరుకు మాత్రం ఆ రెండు స్పెల్లింగులూ ఇద్దరు వేర్వేరు మనుషులు.

పెళ్లిలో ఒకరు విదేశీయులైతే దారి వేరు. హిందూ వివాహ చట్టం కింద ఇద్దరూ హిందువులై ఉండాలి. కానప్పుడు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇవ్వాలి. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఆ జిల్లాలో ఉంటూ ఉండాలి. నోటీసు ఇచ్చాక మరో 30 రోజులు ఆగాలి. టూరిస్టుగా నాలుగు వారాలకు వచ్చినవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోకపోతే పెళ్లి రిజిస్టరు కాకుండానే విమానం ఎక్కాల్సి వస్తుంది.

జిల్లా పేరు గురించి కూడా ఒక మాట. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. అంతకుముందు పాస్‌పోర్టుల్లో, పుట్టిన తేదీ సర్టిఫికెట్లలో "చిత్తూరు జిల్లా" అని ఉంటుంది. తర్వాతి కాగితాల్లో "తిరుపతి జిల్లా" అని వస్తుంది. ఇది తప్పు కాదు, దీనికోసం ఏ కాగితమూ దిద్దించనక్కర్లేదు. ఎవరైనా అడిగితే జిల్లాల పునర్విభజన జరిగిందని చెబితే చాలు.

సర్టిఫికెట్ చేతికొచ్చాక, పేరు మార్చుకోవాలనే నిర్ణయించుకుంటే, పాస్‌పోర్టు రీఇష్యూ. తిరుపతిలో పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది, చిత్తూరులో పోస్టాఫీసుతో కలిసి నడిచే కేంద్రం ఉంది. 36 పేజీల బుక్కుకు 1,500 రూపాయలు, 60 పేజీలకు 2,000. ఏయే కాగితాలు తేవాలో పాస్‌పోర్టు సేవా పోర్టల్‌లోని డాక్యుమెంట్ అడ్వైజర్ చెబుతుంది. మీ సమాధానాలను బట్టి జాబితా మారుతుంది గనుక పక్కింటివాళ్ల జాబితా పట్టుకుని వెళ్లకండి. ముందు ఆధార్‌లో పేరు మారిస్తే పాస్‌పోర్టు పని సులువవుతుందన్నది నిజమే. అయితే ఆధార్‌లో పేరును జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు. ఒకటి స్పెల్లింగ్ సవరణకే అయిపోయి ఉంటే మిగిలింది ఒక్కటే.

కొత్త పాస్‌పోర్టు వచ్చేటప్పుడు పాతదాన్ని రద్దు చేసి, మూల కత్తిరించి తిరిగి ఇస్తారు. దాన్ని పారేయకండి. అందులో గడువున్న వీసా ఉంటే అది రద్దు కాదు. కొత్త పాస్‌పోర్టు చివరి పేజీలో పాత పాస్‌పోర్టు నంబరు అచ్చవుతుంది. వివాహ సర్టిఫికెట్ పేరు ఎందుకు మారిందో చెబుతుంది, ఆ నంబరు రెండు పేర్లూ ఒకే మనిషివని చెబుతుంది. పాత పాస్‌పోర్టు, కొత్త పాస్‌పోర్టు, వివాహ సర్టిఫికెట్ మూడూ కలిసి ఒక కట్ట. ప్రయాణంలో ఈ కట్ట చేతిబ్యాగులోనే ఉండాలి, లగేజీలో కాదు.

అమెరికా విషయానికి వద్దాం. మన జిల్లాల నుంచి వెళ్లే భార్యల్లో, ఇప్పుడు కొందరు భర్తల్లో కూడా, ఎక్కువమందిది హెచ్‌-1బి వర్క్ వీసా మీద ఉన్నవాళ్ల భార్యాభర్తలకు ఇచ్చే హెచ్‌-4. దరఖాస్తు ఫారం డీఎస్‌-160లో పాస్‌పోర్టు నంబరు ఉంటుంది, ఇదివరకు వాడిన పేర్లు ఉన్నాయా అన్న ప్రశ్న కూడా ఉంటుంది. పేరు మార్చుకున్నవాళ్లు అక్కడ పుట్టింటి పేరు తప్పకుండా రాయాలి. అది దాచాల్సిన విషయమేమీ కాదు, రాయకపోతేనే అనుమానానికి తావు. ఫారం నింపి, చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఇంటర్వ్యూ తేదీ తీసుకున్నాక పాస్‌పోర్టు మార్చుకుంటే ఫారం మళ్లీ నింపి, అపాయింట్‌మెంటు ప్రొఫైల్‌లో వివరాలు సరిచేయాలి. ఇంటర్వ్యూ తేదీ దొరకడమే కష్టంగా ఉన్న కాలం ఇది. 2025 సెప్టెంబరు 2 నుంచి ఇంటర్వ్యూ లేకుండా డ్రాప్‌బాక్సులో వేసే సౌకర్యాన్ని బాగా కుదించారు. డిసెంబరు 15 నుంచి హెచ్‌-1బి, హెచ్‌-4 దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాలను కూడా పరిశీలించడం మొదలుపెట్టడంతో ఎంతోమంది తేదీలు నెలల తరబడి వెనక్కిపోయాయి. ఇలాంటప్పుడు ఇంటిపేరు కోసం వీసా ఫైలును కదిలించడం నాకు తెలివైన పని అనిపించదు. వీసా పడి, అక్కడికి చేరి, పాస్‌పోర్టు గడువు తీరినప్పుడు ఎలాగూ రెన్యువల్ ఉంటుంది. ఆ రోజు మార్చుకోవచ్చు.

అప్పటికే వీసా ఉండి, తర్వాత పేరు మారినవాళ్ల సంగతి వేరు. పాత పాస్‌పోర్టులో పాత పేరుతో గడువున్న వీసా, కొత్త పాస్‌పోర్టులో కొత్త పేరు. నంబరు మాత్రమే మారి పేరు అలాగే ఉంటే రెండు పాస్‌పోర్టులూ పట్టుకుని నిశ్చింతగా వెళ్లవచ్చు. పేరు కూడా మారితే, కొత్త వీసా తీసుకుంటే ప్రయాణం సులువని అమెరికా విదేశాంగ శాఖ సలహా. అది సలహానే గానీ, విమానం ఎక్కించే కౌంటరు దగ్గర మన వాదన వినే తీరిక ఎవరికీ ఉండదు. టికెట్ మాత్రం కొత్త పాస్‌పోర్టులోని పేరుతోనే తీసుకోవాలి. దిగిన తర్వాత ఐ-94 అనే రాక నమోదు రికార్డు ఇంటర్నెట్‌లో తీసి, అందులో ఏ పేరు పడిందో, ఏ తేదీ దాకా ఉండనిచ్చారో ఆ వారంలోనే చూసుకోవాలి. తప్పు ఉంటే డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసులో దిద్దించుకోవచ్చు. డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చేవాళ్లు చూసేది ఆ రికార్డునే.

భర్త గానీ భార్య గానీ అమెరికా పౌరులైతే దారి హెచ్‌-4 కాదు, ఐ-130 పిటిషన్. అది ఏడాది పైగా సాగే ఫైలు. మధ్యలో పాస్‌పోర్టు మారితే ఫైలు మొదటికి రాదు. కొత్త పాస్‌పోర్టు మొదటి పేజీ, వివాహ సర్టిఫికెట్ నేషనల్ వీసా సెంటర్‌కు అందజేసి, డీఎస్‌-260 ఫారంలో రెండు పేర్లూ రాయాలి. కానీ పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ మీద పాస్‌పోర్టు నంబరు ఉంటుంది. పాత నంబరుతో తీసుకున్నది ఉంటే మళ్లీ తీసుకోవడమే మేలు. పెళ్లయి రెండేళ్లు నిండకముందే గ్రీన్‌కార్డు వస్తే అది రెండేళ్లకే ఇచ్చే షరతుల కార్డు. గడువుకు ముందు 90 రోజుల్లో షరతులు తొలగించమని ఐ-751 వేయాలి. గ్రీన్‌కార్డు వచ్చాక పేరు మారితే ఐ-90 వేసి కొత్త కార్డు తెచ్చుకోవాలి. పాస్‌పోర్టులో మార్చాం కదా, అదే మారుతుందనుకుంటే పొరపాటు. ఒక ఆఫీసులో మారిన పేరు ఇంకో ఆఫీసుకు దానంతటదే చేరదు.

గల్ఫ్‌కు వెళ్లేవాళ్లకు అటెస్టేషన్, అంటే కాగితాలకు ప్రభుత్వ ముద్రలు వేయించుకునే బాధ ఎక్కువ. అమెరికా డిపెండెంట్ వీసాకు వివాహ సర్టిఫికెట్ మీద అంతర్జాతీయ ఒప్పందం కింద వేసే అపోస్టిల్ ముద్ర అడగరు, ఎవరైనా ఏజెంటు అందుకని డబ్బు తీసుకుంటే ఎందుకని అడగండి. కువైట్, యూఏఈ, ఖతార్ దేశాలు అపోస్టిల్ ఒప్పందంలో లేవు. అక్కడికైతే రాష్ట్ర ప్రభుత్వం, తర్వాత విదేశాంగ శాఖ, ఆ తర్వాత ఆ దేశపు ఎంబసీ, చివరికి ఆ దేశంలో వాళ్ల విదేశాంగ శాఖ ముద్రలు పడాలి. సౌదీ అరేబియాలో 2022 డిసెంబరు నుంచి ఆ ఒప్పందం అమల్లో ఉంది, అక్కడికి అపోస్టిల్ చాలు. ఇన్ని ముద్రలు పడిన సర్టిఫికెట్‌లో ఒక అక్షరం తేడా ఉన్నా మొత్తం తిరిగి చేయాలి. ముద్రలకు పంపేముందు పాస్‌పోర్టును పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం పోల్చిచూడండి. రెసిడెన్సీ వచ్చాక పాస్‌పోర్టు మారితే అది కొత్త నంబరుకు, కొత్త పేరుకు బదిలీ కావాలి. సెలవుకు ఇండియా వచ్చి ఇక్కడ పాస్‌పోర్టు మార్చుకుని వెళ్లేకంటే, అక్కడే మన ఎంబసీ ద్వారా మార్చుకుని, రెసిడెన్సీ కూడా సరిచేయించుకున్నాకే ప్రయాణం పెట్టుకోవడం క్షేమం.

పెళ్లికి చట్టం దృష్టిలో గుర్తింపు లేక భార్య రేవులో ఆగిపోవడం మనవాళ్లకు కొత్త కథేమీ కాదు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలతో నాటాల్ చేరింది. అప్పటినుంచి 1911 దాకా దక్షిణాఫ్రికా చెరకు తోటలకు లక్షన్నర మంది వెళ్లారు. వాళ్లలో ఎక్కువమంది బయల్దేరిన జిల్లాల్లో ఉత్తర ఆర్కాటు ఒకటి. 1911లో మన చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడేదాకా దానికి ముఖ్యపట్టణం చిత్తూరే. ఓడ జాబితాల్లో గుమస్తాకు వినపడ్డట్టు పేర్లు రాసుకున్నారు. నాయుడు, రెడ్డి, చెట్టి అన్నవి అక్కడ స్థిరమైన ఇంటిపేర్లయిపోయాయి. ఇప్పుడు అక్కడి నాయుళ్లు ఇంగ్లీషులో ఆ పేరు చివర రెండు "ఓ"లు రాస్తారు.

1913 మార్చి 14న కేప్ సుప్రీంకోర్టు న్యాయమూర్తి సెర్ల్ ఒక తీర్పు చెప్పాడు. ఒక భారతీయుడి భార్య ఇక్కడి నుంచి ఓడలో వెళ్తే దిగనివ్వలేదు. బహుభార్యాత్వాన్ని ఒప్పుకునే మతాల పద్ధతిలో జరిగిన పెళ్లి చెల్లదని ఆయన అన్నాడు. ఒక్క వాక్యంతో వేల కాపురాలు చట్టం దృష్టిలో కాపురాలు కాకుండా పోయాయి. కస్తూర్బా సహా ఆడవాళ్లు సత్యాగ్రహంలోకి దిగి జైళ్లకు వెళ్లింది ఆ అవమానం భరించలేకే. 1914లో వచ్చిన ఇండియన్ రిలీఫ్ చట్టంతో ఆ పెళ్లిళ్లకు గుర్తింపు దక్కింది. వివాహ రిజిస్ట్రేషన్ ఎందుకులే అని బద్ధకించే కొత్త జంటలకు ఈ చరిత్ర చెప్పాలనిపిస్తుంది. ఆ కూలీల మునిమనవళ్లు ఓసీఐ (విదేశీ భారతీయ పౌరుల) కార్డుకు అర్హులే. కానీ ఓడ జాబితాలోని పేరుకూ తమ పాస్‌పోర్టులోని పేరుకూ లంకె చూపించాల్సిన పని వాళ్లకు ఇవాళ్టికీ ఉంది.

ఇప్పుడు ఎదురు వైపు. విదేశీ అమ్మాయి మన అబ్బాయిని పెళ్లాడి తిరుపతిలో ఉంటోంది. పెళ్లయ్యాక ఆమె తన దేశంలో పాస్‌పోర్టు మార్చుకుని భర్త ఇంటిపేరు పెట్టుకుంది. భారత పౌరుల విదేశీ భాగస్వాములకు ఇచ్చేది ఎక్స్-2 ఎంట్రీ వీసా. వేరే వీసా మీద వచ్చి ఇక్కడ పెళ్లి చేసుకున్నవాళ్లు దీనికి మార్చుకోవచ్చు. 180 రోజులకు మించిన వీసాతో వస్తే 14 రోజుల్లో నమోదు చేసుకోవాలి. జిల్లాల్లో విదేశీయుల రిజిస్ట్రేషన్ అధికారి ఎస్పీయే అయినా, 2018 నుంచి దరఖాస్తులు ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ పోర్టల్‌లోనే పెట్టాలి. కొత్త పాస్‌పోర్టు రాగానే అదే పోర్టల్‌లో ఆ వివరాలు నమోదు చేయాలి. రెండు పాస్‌పోర్టుల నకళ్లు, వివాహ సర్టిఫికెట్, తన దేశంలో పేరు మారినట్టు రుజువు జతచేయాలి. ఆమెకు ఇంట్లో ఆశ్రయం ఇచ్చిన అత్తమామలకు కూడా ఒక బాధ్యత ఉంది. విదేశీయులు బస చేస్తే 24 గంటల్లో ఆ సమాచారం అధికారులకు పంపాలి. తిరుపతి లాడ్జీలవాళ్లకు ఇది అలవాటే. కోడలే కదా అని ఇళ్లలో మర్చిపోతారు. 1939, 1946 నాటి పాత చట్టాలు పోయి, 2025 సెప్టెంబరు 1 నుంచి ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం అమల్లోకి వచ్చింది. కాబట్టి పాత అనుభవం మీద ఆధారపడి సలహా ఇచ్చేవాళ్ల మాట పోర్టల్‌లో సరిచూసుకున్నాకే నమ్మండి.

పెళ్లి రిజిస్టరై రెండేళ్లు కాపురం సాగితే ఆమె ఓసీఐకి దరఖాస్తు చేసుకోవచ్చు. భద్రతా పరిశీలన ఉంటుంది గనుక సమయం పడుతుంది. ఓసీఐ వచ్చాక పాస్‌పోర్టు ఎప్పుడు మారినా, మూడు నెలల్లోగా కొత్త పాస్‌పోర్టు నకలు, కొత్త ఫొటో, పెళ్లి ఇంకా కొనసాగుతోందన్న ప్రకటన ఓసీఐ పోర్టల్‌లో ఎక్కించాలి. 2021 ఏప్రిల్‌లో కేంద్రం చేసిన ఈ ఏర్పాటుకు ఫీజు లేదు. అయితే అది పాస్‌పోర్టు రెన్యువల్ వరకే. పేరు కూడా మారితే ఎక్కించి ఊరుకోవడం చాలదు, వ్యక్తిగత వివరాల మార్పు కింద ఓసీఐ కార్డును తిరిగి జారీ చేయించుకోవాలి. ఈ తేడా తెలియక కార్డు మీద ఒక పేరు, పాస్‌పోర్టులో ఒక పేరుతో చెన్నై విమానాశ్రయంలో నిలబడి సంజాయిషీ చెప్పుకోవాల్సిన పని పెట్టుకోకండి. భారత పౌరసత్వం కావాలంటే అది వేరే దారి. పెళ్లి చేసుకుని, ఏడేళ్లు దేశంలో నివసించాక దరఖాస్తు చేయాలి.

కాపురం నిలవకపోతే ఏమిటన్నది పెళ్లింట ఎవరూ మాట్లాడని విషయం. పెళ్లి ఆధారంగా వచ్చిన ఓసీఐ విడాకులతో రద్దవుతుంది. డిపెండెంట్ వీసా కూడా అంతే, అసలు వీసాదారుతో బంధం తెగితే దానికి ఆధారం ఉండదు. పుట్టింటి పేరుకు తిరిగి రావాలంటే విడాకుల డిక్రీతో మళ్లీ రీఇష్యూ, మళ్లీ ఈ వరుసంతా. ఆడపిల్లల తల్లిదండ్రులకు నేను గట్టిగా చెప్పేది ఇదే: పాస్‌పోర్టు, వివాహ సర్టిఫికెట్ ఒరిజినల్, భర్త ఐ-797 (వీసా హోదా ఆమోదపత్రం) లేదా రెసిడెన్సీ నకలు అమ్మాయి దగ్గరే ఉండాలి. స్కాన్ కాపీలు ఆమె ఒక్కతే తెరవగల మెయిల్‌లో ఉండాలి. భద్రంగా ఉంటుందని అత్తింటివాళ్లు పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేసుకుంటామంటే ఒప్పుకోవద్దు. ప్రవాసుల చేతిలో మోసపోయిన భార్యల కోసం జాతీయ మహిళా కమిషన్‌లో 2009 నుంచి ఎన్‌ఆర్‌ఐ విభాగం పనిచేస్తోంది. అక్కడ ఫిర్యాదు చేయాలన్నా మొదట అడిగేది ఈ కాగితాలే.

పిల్లలు పుట్టే వేళకు తల్లి పేరు స్థిరపడి ఉండడం మంచిది. ఆస్పత్రిలో ఏ పేరు చెబితే ఆ పేరే బిడ్డ పుట్టిన సర్టిఫికెట్‌లో తల్లి గడిలో పడుతుంది. అమెరికాలో పుట్టిన బిడ్డకు అక్కడి పాస్‌పోర్టు తీసుకుని ఓసీఐకి దరఖాస్తు చేస్తే, తల్లి పాస్‌పోర్టు, వివాహ సర్టిఫికెట్, బిడ్డ సర్టిఫికెట్ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తారు. గల్ఫ్‌లో పుట్టిన బిడ్డకు భారత పాస్‌పోర్టే కావాలంటే ఏడాదిలోపు మన ఎంబసీలో జననం నమోదు చేయించాలి. అక్కడ కూడా చూసేది ఇవే. కాబట్టి పేరు మార్పు పని సగంలో ఉంటే, ప్రసవానికి చేరేటప్పుడు ఆస్పత్రి రిజిస్టరులో ఆ రోజుకు చేతిలో ఉన్న పాస్‌పోర్టులోని పేరునే, అదే స్పెల్లింగుతో రాయించండి.